సులువు గారి సొరుగు

లిఫ్టు కింద ఉండే గొయ్యిలోకి దిగే ముందు మా తమ్ముడికి ఒక అలవాటు ఉంది. పైన మెషిన్ రూమ్‌లోకి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపుతాడు, దానికి తన తాళం వేస్తాడు, తాళంచెవి చొక్కా లోపలి జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంటాడు. అప్పుడు గానీ కిందికి దిగడు. ఆ తాళంచెవి వాచ్‌మన్‌కి ఇవ్వడు, మేకుకి తగిలించడు, పక్కనే నిలబడి పనిముట్లు అందించే నాకు కూడా ఇవ్వడు. వాడి చొక్కాలన్నిటికీ ఆ లోపలి జేబు కుట్టేది మాత్రం నేనే. గుండీ వదులైతే ఇల్లెక్కి అరుస్తాడు.

వాడికి పని నేర్పిన ముసలి మేస్త్రీ ఆ అలవాటు చేశాడు. చేసినాయనే ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, తాళంచెవి ఎవరి చేతికో ఇచ్చి గొయ్యిలోకి దిగాడు. ఆ తీసుకున్నవాడు టీకి వెళ్తూ ఇంకొకడికి ఇచ్చాడు. ఆ ఇంకొకడు పని అయిపోయిందనుకుని స్విచ్ వేశాడు. మేస్త్రీని బయటికి తీసినవాళ్ళలో మా తమ్ముడున్నాడు. అప్పటికి వాడికింకా మీసం కూడా సరిగ్గా మొలవలేదు. చాలా రోజులపాటు కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు.

ఇన్నేళ్ళలో వాడి చెయ్యి పడ్డ లిఫ్టులో ఎవరి గోరు కూడా నలగలేదు. మాకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. కానీ ఒక్కో బిల్డింగుకి వెళ్ళి పని అడిగితే, "మనిషి మంచివాడే, కంపెనీ ఉందా మరి?" అనేవాళ్ళు. కంపెనీ లేదంటే టీ ఇచ్చి పంపేసేవాళ్ళు. అలా టీలు తాగీ తాగీ విసుగెత్తి, "అక్కా, కంపెనీ పెట్టేద్దాం" అన్నాడు ఒకరోజు. లెక్కలూ ఫోన్లూ ఎలాగూ నేనే చూస్తున్నాను, కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు ఉండాలట, కాబట్టి రెండోది నేను. ఆ మాట విని మా ఆయన పది నిమిషాలు నవ్వాడు.

కంపెనీ రిజిస్టర్ చేయించడం మాటలు కాదని అందరూ హడలగొట్టారు. మా ఆయనతో పనిచేసే ఒకాయనైతే పేరు ఒప్పించుకోవడానికే చెప్పులరిగేలా తిరిగాడట. ఆ పేరు ఇంకెవరికో ఉందని వెనక్కి, చిరునామాకి రుజువు చాలదని వెనక్కి, ఆఖరికి ఫోటోలో ఒక చెవి కనబడటం లేదని వెనక్కి. మేం కూడా సొంతంగా కంప్యూటర్ ముందు కూర్చుని చూశాం. మా ఇంటి కరెంటు బిల్లు పోయిన నాన్న పేరు మీద ఉంది. పోయినాయన అనుమతి పత్రం పెట్టమంది ఆ సైటు. ఎక్కణ్ణించి తెమ్మంటావే అని నేను కంప్యూటర్‌ని తిట్టాను. తిడితే ఏం లాభం, అది అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

అలా తల ప్రాణం తోకకొచ్చాక ఎవరో సులువు గారి దగ్గరికి పంపారు.

ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ ఊరంతా ఆయన్ని సులువు గారనే అంటారు. ఏం అడిగినా "చాలా సులువండీ" అంటాడు మరి. జిరాక్స్ షాపు పైన ఒక గది. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, చిన్న గొంతు. కూర్చోగానే మంచినీళ్ళ గ్లాసు తానే స్వయంగా తెచ్చి పెడతాడు. అంత మర్యాద చేసేవాడిని చూస్తే నాకెందుకో ఒళ్ళు జలదరిస్తుంది. నా బుద్ధి అంత. తమ్ముడు మాత్రం ఐసైపోయాడు.

"నాన్నగారి పేరు మీద బిల్లా? చాలా సులువండీ. ఆఫీసు చిరునామా మాదే పెట్టుకుందాం. ఫోన్ నంబర్ కూడా మాదే. లేకపోతే ఏ కోడ్ వచ్చినా, మీరు లిఫ్టులో ఉంటే సిగ్నల్ ఉండదు, పని ఆగిపోతుంది. మీకెందుకండీ ఆ శ్రమ."

ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని గోడ ముందు నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీశాడు. పేరు చెప్పమన్నాడు, ఒప్పుకుంటున్నానని చెప్పమన్నాడు. దేనికి ఒప్పుకుంటున్నామో అడిగితే "అన్నిటికీనమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

వారం తిరక్కుండానే కంపెనీ వచ్చేసింది. అందరి చెప్పులూ అరగదీసిన పని మా గుమ్మం దాకా నడిచొచ్చింది. కాగితం చూసుకుని తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాకూ కళ్ళు తడిశాయి, ఒప్పుకుంటాను. అయినా మనసులో ఏదో మూల, ఇంత తేలిగ్గా ఎలా అయ్యిందా అని ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

ఆ కాగితం తీసుకోవడానికి వెళ్ళినప్పుడే ఆయన సొరుగు చూశాను. బల్ల కింద ఇనప సొరుగు. లాగితే దాన్నిండా చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో పేరు అంటించి, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. కంప్యూటర్‌కి గుచ్చితే ఆ పేరుగల మనిషి సంతకం పెట్టినట్టే.

"ఇదిగో మీది, ఇదిగో అక్కగారిది," అని మా ఇద్దరివీ ఖాళీగా ఉన్న చోట పెట్టాడు.

"ఇవి మేం పట్టుకెళ్ళచ్చాండీ?" అని అడిగాను.

"నిక్షేపంలా పట్టుకెళ్ళండమ్మా. కాకపోతే ఏడాది పొడుగునా ఏవో కాగితాలు దాఖలు చేస్తూ ఉండాలి. ప్రతిదానికీ మీరు పరుగెత్తుకు రావాలి. ఊళ్ళో అందరివీ నా దగ్గరే ఉంటాయి. మీ ఇష్టం."

నేను చెయ్యి చాపబోయాను. తమ్ముడు మోచేత్తో నన్ను పొడిచాడు. "ఉండనీండి సార్, మీ దగ్గరే ఉండనీండి," అన్నాడు. మెట్లు దిగుతూ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఇంత చేసినాయన్ని మొహం మీదే అనుమానిస్తావేంటక్కా?"

"నీ తాళంచెవి నాకే ఇవ్వవు కదరా. సంతకం మాత్రం ఆయనకిచ్చి వస్తావా?"

"అది ప్రాణం. ఇది సంతకమే కదా," అన్నాడు.

మా ఇంటావంటా ఉన్న జబ్బే అది, మొహమాటం. మంచినీళ్ళిచ్చినవాడిని మళ్ళీ ఏమీ అడగలేం. నేనూ ఊరుకున్నాను.

బోర్డు రాయించాం. ఒకటీ అరా బిల్డింగులు పని ఇచ్చాయి. తమ్ముడు కొత్త చొక్కాలు కొన్నాడు, నేను జేబులు కుట్టాను. బాగానే గడుస్తోంది అనుకుంటుండగా ఒక పొద్దున ఫోన్ మోగింది.

"ఏమ్మా, మీ లిఫ్టు మళ్ళీ ఊగుతోంది. తాడు ఏదో గీరుకుంటున్న చప్పుడు కూడా వస్తోంది. స్టిక్కర్ మీద నంబర్‌కి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. మీ కంపెనీ పేరు వెతికిస్తే మీ బోర్డు మీద ఈ నంబర్ దొరికింది." పెద్దావిడ గొంతు, ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతోంది.

ఏ బిల్డింగని అడిగాను. చెప్పింది. మేం ఎన్నడూ కాలుపెట్టని బిల్డింగు అది. పొరపాటు పడ్డారని చెప్పి పెట్టేయబోతే ఆవిడ వదల్లేదు. "నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి చదవడం నేర్పాను. నాకు చదవడం వచ్చమ్మా. లిఫ్టులో అద్దం కట్టించి మరీ పెట్టారు మీ సర్టిఫికెట్," అని మా కంపెనీ పేరు, మా తమ్ముడి పేరు, నా పేరు తప్పు లేకుండా చదివింది.

ఇద్దరం వెళ్ళాం. పాత బిల్డింగు, పొడుగ్గా, గాలి ఆడని మెట్లు. ఫోన్ చేసిన టీచరమ్మ గారు పై అంతస్తులో ఒక్కతే ఉంటుందట. మోకాళ్ళు పనిచేయవు, లిఫ్టు లేకపోతే ఇంట్లో ఖైదే. మా కోసం కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. లిఫ్టులో అద్దం వెనక మేం రాయని కాగితం మా పేర్లతో నవ్వుతోంది. ఎవరో మనిషి వచ్చి స్టిక్కర్ అంటించి, కాగితం తగిలించి, లోపల తల కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు.

తమ్ముడు పైకి వెళ్ళి, మెషిన్ రూమ్ చూసి, లిఫ్టు నెత్తిన ఎక్కి చూసి దిగాడు.

"తాళ్ళు పోగులు పోగులుగా విడిపోయి ఉన్నాయక్కా. వేగం మించితే పట్టేసే బ్రేకుని వైరుతో కట్టేశారు. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు కదా, దాన్ని కూడా వైరు ముక్కతో కలిపేశారు. తలుపు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. దీన్లో మనుషులు ఎక్కుతున్నారు. నా పేరు చూసుకుని ఎక్కుతున్నారు."

మెయిన్ స్విచ్ ఆపి తన తాళం వేశాడు. బిల్డింగు సెక్రటరీ పరుగున వచ్చాడు. బట్టతల, చేతిలో ఎప్పుడూ ఫోన్. "అదేంటండీ, బాగుందని మీరే రాసిచ్చి, మీరే ఆపేస్తే ఎలా? ముసలివాళ్ళున్నారు, రోగులున్నారు," అని గొడవపడ్డాడు. మేం రాయలేదంటే ఎవరు నమ్ముతారు? టీచరమ్మ గారు మాత్రం తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వు బాగుచేస్తావా బాబూ?" అని అడిగింది. "చేస్తానండీ. నేను చెప్పేదాకా ఎవరూ ఎక్కకండి," అన్నాడు. ఇద్దరు మనుషుల సాయంతో, మెట్టుకొకసారి ఆగుతూ ఆవిడ పైకి వెళ్ళింది. మాకు చూడబుద్ధి కాలేదు.

అక్కణ్ణించి తిన్నగా సులువు గారి దగ్గరికి వెళ్ళాం. నేను గుమ్మంలోనే తిట్లు లంకించుకున్నాను. ఆయన చెదరలేదు, బెదరలేదు. మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు.

"ఇందులో మోసమేముందమ్మా? ఆ లిఫ్టులు చూసుకునేవాళ్ళకి కంపెనీ లేదు. మీకు కంపెనీ ఉంది, లిఫ్టులు లేవు. ఇద్దరినీ కలిపాను. మీ కంపెనీకి అనుభవం పెరుగుతోంది కదా."

"లిఫ్టులు అన్నారు. ఎన్ని?" అని తమ్ముడు అడిగాడు.

"అన్నీ గుర్తుంటాయా బాబూ? ఎవరో వస్తారు, కాగితం అడుగుతారు, ఇచ్చేస్తాం."

"ఎక్కడెక్కడ ఇచ్చారు?"

"వెతకాలి. చూద్దాం, తొందరేముంది."

ఊళ్ళో ఏ లిఫ్టులో ఏ పసిపిల్ల ఎక్కుతోందో, ఏ తాడు ఎన్ని పోగులతో వేలాడుతోందో, దాని కింద మా పేరుంది. ఈయనకి తొందర లేదు.

"మా సంతకాలు మాకిచ్చేయండి. కంపెనీ మూసేస్తాం," అన్నాను.

వెంటనే సొరుగు లాగి మా రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "మూయడం మాత్రం కాస్త కష్టమండీ," అన్నాడు. ఆయన నోట కష్టమన్న మాట వినడం అదే మొదటిసారి. "పెట్టినంత సులువు కాదు. ఏ బిల్డింగుతోనూ ఒప్పందం లేదని చూపించాలి. మీకు చాలా ఉన్నాయి మరి."

కంపెనీలు రిజిస్టర్ చేసే ఆఫీసుకి కూడా వెళ్ళాం. కిటికీ వెనక గుమాస్తా మా గోడు మొత్తం ఓపిగ్గానే విన్నాడు. "సంతకం మీదేనా?" అన్నాడు. మాదే గానీ మేం పెట్టలేదన్నాం. "మీది అయ్యాక మీరు పెట్టకపోవడమేంటండీ? సరే, ఫిర్యాదు చేయండి. కంప్యూటర్‌లోనే చేయాలి. కింద సంతకం పెట్టాలి." ఏ సంతకం అంటే, అదే, అన్నాడు. పెట్టాం. పరిశీలనలో ఉందని ఒక జవాబు వచ్చింది. ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఆ రెండు ముక్కల్నీ తెచ్చి నా కుట్టు మిషను సొరుగులో దారపు రీళ్ళ కింద దాచాను. దాచాక తమ్ముడు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "తాళంచెవి మన దగ్గరికి వచ్చేసిందిగా అక్కా," అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అడగ్గానే ఇచ్చేశాడు. అంత సులువుగా ఎందుకు ఇచ్చాడు?

టీచరమ్మ గారి బిల్డింగు లిఫ్టు తనే బాగుచేస్తానని తమ్ముడు పట్టుబట్టాడు. వద్దురా, వదిలించుకుందాం, అంటే వినలేదు. "నా పేరు మీద తిరుగుతోంది. నేను చూడకుండా ఎలా వదిలేయమంటావు?" అన్నాడు. కొత్త తాళ్ళు తెప్పించాడు. తాళ్ళు పై పని, అది రెండో రోజుకి. ముందు గొయ్యిలో ఎర్ర బొత్తాం సంగతి చూస్తానన్నాడు. గొయ్యిలో ఉన్న మనిషి అది నొక్కితే లిఫ్టు కదలదు. మెకానిక్ ప్రాణానికి అదొక కాపు. అక్కడది ఎప్పుడో తుప్పు పట్టి చచ్చింది.

"అంటే లోపల నీకు ఏ కాపూ లేదన్నమాట," అన్నాను.

"పైన తాళం ఉందిగా," అని చొక్కా మీద లోపలి జేబు దగ్గర తట్టి చూపించాడు.

మేం వెళ్ళేసరికి సెక్రటరీ ఇంకా తన ఫ్లాటు నుంచి కిందికి దిగలేదు. వాచ్‌మన్‌తో చెప్పాం. తమ్ముడు ముందు పైకి వెళ్ళి తాళం లాగి చూసుకుని వచ్చాడు. లిఫ్టు పై అంతస్తులో ఆగి ఉంది. కింద తలుపు తన దగ్గరున్న పరికరంతో తెరిచి, గొయ్యిలోకి దిగాడు. నేను తలుపు దగ్గర కింద కూర్చుని లైటు పట్టుకున్నాను. లోపల పాత నూనె కంపు, చెమ్మ, ఎవరో ఎప్పుడో పడేసిన పిల్లల చెప్పు ఒకటి. ఆ చెప్పు తీసి నా చేతికిచ్చాడు. "చూడు, ఎంత చిన్న పాదమో," అన్నాడు.

చాలాసేపు పని చేశాడు. పాత బొత్తాం ఊడదీశాడు, కొత్తదానికి వైర్లు చెక్కుతున్నాడు. ఏదో అడిగాడు, స్క్రూ డ్రైవరు కాబోలు, నేను సంచిలో వెతుకుతున్నాను. అప్పుడు వినిపించింది. పైన ఎక్కడో ఠక్కుమని ఒక చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు. మెయిన్ స్విచ్ వేస్తే అలాగే ఉంటుంది.

తమ్ముడు తలెత్తి నా వైపు చూశాడు. చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది. వాడి కళ్ళలో నేను చూసింది భయం కాదు, అర్థంకాకపోవడం.

మా ముందు వేలాడుతున్న తాళ్ళు వణికాయి. చీకట్లోంచి మూలుగు మొదలైంది.

"బయటికి రారా!" అని అరిచాను. చెయ్యి చాపాను. వాడు నా చెయ్యి అందుకుని ఒక అడుగు వేశాడు, పైకి చూశాడు, రాలేనని తెలుసుకున్నాడు. నా చెయ్యి వదిలి గొయ్యి మూలకి దొర్లి బోర్లా పడుకున్నాడు. అంతే చూశాను. లిఫ్టు అడుగు భాగం, మసిగా, నూనెగా, నా మొహం ముందు నుంచి కిందికి దిగి, వాడు పడుకున్న చోటుని కప్పేసింది. వెలుతురు పెట్టె నా ముందు ఆగింది. దాని లోపలి తలుపు తెరుచుకుంది.

లోపల టీచరమ్మ గారు. ఇస్త్రీ చీర, చేతిలో సంచి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"మీ తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడమ్మా," అంది.

ఆవిడ చెయ్యి పట్టి బయటికి లాగేశాను. పడబోయింది, గోడ పట్టుకుంది. నేను నేల మీద బోర్లా పడి, లిఫ్టుకీ గుమ్మానికీ మధ్య ఉన్న సందులో నోరు పెట్టి వాణ్ణి పిలిచాను. పిలిచాను. మళ్ళీ పిలిచాను. చిన్నప్పుడు దాక్కుని పలకని వాణ్ణి పిలిచినట్టు, తిడుతూ, బతిమాలుతూ పిలిచాను.

"అక్కా," అని వినిపించింది, నేలలోంచి వచ్చినట్టు. "ఎవర్నీ ఎక్కనీకు."

ఆ మాట పూర్తయిందో లేదో, పైన ఏ అంతస్తులోనో ఎవరో బటన్ నొక్కారు. తలుపు తెరిచే ఉంది, అయినా లిఫ్టు లేచింది. తలుపు తెరిచి ఉంటే కదలకూడని లిఫ్టు. అది వెళ్ళాక గొయ్యిలో తమ్ముడు కనిపించాడు. చొక్కా వీపు మీద నిలువునా చిరిగింది, చర్మం గీరుకుపోయింది. రెండు చేతులూ పట్టి బయటికి లాగాను. వాణ్ణి పట్టుకుని ఏడ్చాను, ఎవరు చూస్తున్నారన్న స్పృహ లేకుండా ఏడ్చాను.

సెక్రటరీ మెట్లు దిగి వచ్చాడు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో రంపంతో కోసిన తాళం. మా వాలకం చూసి నిలబడిపోయాడు.

"మీరు… మీరింకా ఇక్కడే ఉన్నారా? వెళ్ళిపోయారనుకున్నానే."

"తాళం ఎందుకు కోశారు?" అన్నాను.

"మీరే కదమ్మా కాగితం పంపారు." ఆయన ఫోన్ తెరిచాడు. "లిఫ్టు ఎప్పటికవుతుందని స్టిక్కర్ మీద నంబర్‌కి నిన్న ఫోన్ చేశాను. చాలా సులువండీ, పొద్దున్నే కాగితం పంపిస్తానన్నాడాయన. ఇందాకే వచ్చింది. పని అయిపోయి తాళం తీయడం మర్చిపోయారేమో అనుకున్నాం."

ఫోన్ తమ్ముడికి ఇచ్చాడు. వాడి చేతులు నూనెతో జారుతున్నాయి, పట్టుకోలేకపోయాడు. టీచరమ్మ గారు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, తనకి అలవాటైన గొంతుతో ప్రతి అక్షరం విడివిడిగా చదివింది. మరమ్మతు పూర్తయినది. తాళ్ళు, బ్రేకు, తలుపులు సరిగా ఉన్నవి. గొయ్యి ఖాళీగా ఉన్నదని, లోపల మనుషులెవరూ లేరని స్వయంగా తనిఖీ చేసితిమి. లిఫ్టు నడపవచ్చును. ఇవాళ్టి తారీఖు. కింద మా తమ్ముడి సంతకం. దాని పక్కన నాది.

మా సంతకాలు ఇంట్లో నా కుట్టు మిషను సొరుగులో, దారపు రీళ్ళ కింద ఉన్నాయి. ఉన్నాయనే అనుకున్నాను. కోడ్లన్నీ ఆయన ఫోన్‌కే వెళ్తాయి. మా మొహాల వీడియో ఆయన దగ్గరే ఉంది, అన్నిటికీ ఒప్పుకుంటున్నామని మా నోటితోనే చెప్పాం. ఒకటి పోతే ఇంకొకటి చేయించుకోవడం ఆయనకెంతసేపు? తమ్ముణ్ణి చంపాలని ఆయనకేం లేదు. వాడు గొయ్యిలో ఉన్నాడని కూడా తెలీదు. ఎవరో కాగితం అడిగారు, ఇచ్చేశాడు.

టీచరమ్మ గారు చదవడం ఆపి, తమ్ముడి చిరిగిన చొక్కా వైపు, తెరిచి ఉన్న గొయ్యి వైపు చూసింది. ఆవిడకి అప్పుడు అర్థమైంది. తను దిగింది ఎవరి మీదికో అర్థమై కుర్చీలో కూలబడిపోయింది. "నువ్వే రాశావు కదా బాబూ," అంది, పిల్లాణ్ణి బతిమాలుతున్నట్టు. "నీ పేరు చూసే ఎక్కాను."

"అవునండీ," అన్నాడు తమ్ముడు. "నేనే రాశాను, గొయ్యిలో ఎవరూ లేరని."

చిరిగిన చొక్కా గుండీ విప్పి లోపలి జేబులోంచి తాళంచెవి తీశాడు. సెక్రటరీ చేతిలోని తెగిన తాళం తీసుకుని, దాంట్లో పెట్టి తిప్పాడు. అది చక్కగా తిరిగింది.

అప్పుడే పైన లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడైంది. బడికి వెళ్ళే పిల్లలేమో, చాలా రోజుల తర్వాత లిఫ్టు వచ్చిందని గోల చేస్తున్నారు. తెరిచిన గొయ్యిలోంచి వాళ్ళ నవ్వులు కిందిదాకా వినిపిస్తున్నాయి. తమ్ముడు తాళం నేల మీద పడేసి, పైన స్విచ్ ఆపడానికి మెట్ల వైపు పరుగెత్తాడు. ఆ చిన్న చెప్పు మళ్ళీ ఎప్పుడు అందుకున్నానో, చేతిలో దాంతోనే నేనూ వాడి వెనక పరుగెత్తాను.